ఐసు కూడు

ఆదివారం పొద్దున్నే మా వంటింట్లో రెండు కుక్కర్లు పోటీపడి కూశాయి. ఒకటి మాది, ఇంకోటి పక్కింటి రాధని అడిగి తెచ్చింది. నా భార్య హిమబిందు నైటీ మీద తువ్వాలు కట్టుకుని, జుట్టు నడినెత్తిన ముడేసుకుని పనిలో దిగింది. గాజువాకలో మేముండేది రెండు గదుల ఇల్లు. వంటింట్లో ఇద్దరు నిలబడితే మూడో మనిషి గుమ్మంలోనే ఆగాలి. ఆ రోజు నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. గుమ్మంలో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మా అమ్మ చిలకమ్మ కూర్చుంది.

అమ్మకి అంతకు ముందు వారమే కంటి ఆపరేషన్ అయింది. సీతమ్మధారలో డాక్టరు శుక్లం తీసి, కొన్నాళ్ళపాటు పొయ్యి సెగకి వెళ్ళొద్దని, తల మీద నీళ్ళు పోసుకోవద్దని, అద్దాలు తీయొద్దని చెప్పాడు. ఆనందపురం అవతల మా ఊళ్ళో ఉంటే ఆమె ఈ మూడింటిలో ఒక్క మాటా వినదు. అందుకని మా దగ్గరే ఉంచుకున్నాం.

సోమవారం హిమబిందు డ్యూటీలో చేరాలి. పరవాడ మందుల కంపెనీలో ల్యాబ్ పని. చిన్నది కీర్తన పుట్టాక మానేసింది. ఇన్నాళ్ళకి వాళ్ళే ఫోన్ చేసి పిలిచారు. సోమవారం రాకపోతే వేరేవాళ్ళని తీసుకుంటామని కూడా చెప్పారు. నేను పోర్టులో బొగ్గు మోసుకెళ్ళే బెల్టు మీద పని చేస్తాను. ఆ వారం నాకు నైట్ డ్యూటీ. పొద్దున్న వచ్చి పడుకుంటే మధ్యాహ్నం దాటేదాకా పక్కన బాంబు పేలినా తెలియదు. మణికంఠకి నాలుగేళ్ళు. కీర్తనకి రెండు నిండలేదు. వాళ్ళిద్దరికీ వేళకి తిండి పెట్టాల్సింది పొయ్యి దగ్గరికి వెళ్ళకూడని మా అమ్మ.

దీనికి హిమబిందు ఆలోచించిన ఉపాయం ఒకటే. వారానికి సరిపడా ముందే వండి, డబ్బాల్లో పెట్టి, ఫ్రిజ్ పైఅరలో గడ్డకట్టించడం. వేళకి ఒక డబ్బా తీసి ఓవెన్‌లో పెట్టి మీట నొక్కితే చాలు. అమ్మకి చదువు రాదు కాబట్టి మూతలకి రంగులు పెట్టింది. ఎర్ర మూత పప్పన్నం. పచ్చ మూత కూరగాయల కిచిడి. తెల్ల మూత ఇడ్లీలు. నీలం మూత కోడి ఖైమా ఉండలు. చిన్నదాని కోసం తోటకూర పప్పు మెత్తగా మెదిపి ఐసు ట్రే గళ్ళల్లో పోసింది. ఒక్కో గడ్డ కరిగితే కీర్తన నోటికి రెండు ముద్దలు.

వేడివేడిగా పెడితే లోపల మంచు పేరుకుంటుందని కిచిడిని పళ్ళేల్లో పలచగా పరిచి ఫ్యాను కింద ఆరబెట్టింది. మంచం మీద, కుర్చీల మీద, టీవీ పక్కన, ఎక్కడ చూసినా పళ్ళేలే. మణికంఠ వాటి మధ్య కాలు తీసి కాలు వేస్తూ కొంగలా నడుస్తున్నాడు.

అమ్మ ఇదంతా చూస్తోంది. నల్లద్దాల వెనక ఎటు చూస్తోందో తెలియదు గాని, చూస్తోందని మాత్రం తెలుస్తుంది.

"ఏటి పిల్లా ఇది, పెళ్ళి వంటా?" అంది.

"వారం వంట అత్తా."

"వారం కూడు ఒక్కరోజే వండీత్తే, ఆరో రోజు అది కూడేటి? ఐసు."

"నువ్వు పొద్దున్న తాగేది తరవాణి గాదా. అదెప్పటన్నం?"

అమ్మ తన తరవాణి కుండని ఊరి నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. అన్నం పులిసిన ఆ నీళ్ళు తాగకపోతే ఆమెకి తెల్లవారదు.

"అది ఊరింది. ఇది బిగిసిపోయింది," అంది అమ్మ. "ఊరిందానికీ బిగిసిందానికీ తేడా నేదేటి?"

హిమబిందు నవ్వింది. కాసేపటికి గరిటె పక్కన పెట్టి, మామూలు గొంతుతోనే అంది. "ఈ వారం సూడత్తా. గుంటలు సరిగ్గా తినకపోతే నానే మానేత్తాను. ఎవలూ సెప్పక్కర్నేదు నాకు."

గుంటలని మా వైపు పిల్లల్ని అంటారు. మానేస్తానన్న మాట నాతో అన్నది కూడా. నేను ఉల్లిపాయలు తరుగుతూనే ఉన్నాను. కీర్తన పుట్టాక ఆమె మొదటిసారి జీతం లేకుండా గడిపిన నెలలో, ఉతికి మడతపెట్టిన తెల్ల ల్యాబ్ కోటు బీరువాలోంచి తీసి మళ్ళీ ఉతకడం నేను చూశాను. దాని మీద మురికి లేదు.

అంతా ఆరి, మూతలు పెట్టే వేళకి అమ్మ అసలు మాట బయటపెట్టింది.

"ఈ రాత్రి గ్రాణం. గ్రాణం పట్టిన కూడు రేపు గుంటలకి పెడతావా?"

హిమబిందు చేతిలో మూత ఆగింది. గ్రహణం సంగతి ఆమెకీ తెలుసు. మా వైపు గ్రహణానికి ముందు వండింది ఏదైనా మిగిలితే మర్నాడు గొడ్లకి పోసేస్తారు. మనుషులు తినరు.

"మరెప్పుడు వండమంతావు అత్తా? తెల్లారితే బస్సు."

"నాకేటి తెలుసు. పట్టిన కూడు పట్టిన కూడే."

"ఇది ఫ్రిజ్‌లో ఉంతాది. గట్టిగా రాయిలాగ ఉంతాది. దీన్నేటి పడతాది?"

"అదీ నిజవే," అంది అమ్మ లేస్తూ. "కూడైతే పట్టును. ఐసునేటి పడతాది."

హిమబిందు మూతలన్నీ బిగించి, డబ్బాలు ఒకదాని మీద ఒకటి సర్ది, తలుపు వేసింది. మా ఫ్రిజ్ పాతది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం. పైతలుపు గట్టిగా నొక్కితే గాని పట్టదు. ఆమె మోచేత్తో నొక్కి, ఇంకోసారి నొక్కింది.

మధ్యాహ్నం అమ్మ నన్ను పక్కకి పిలిచింది. "ఒరే గవర్రాజు, పంతులి కాడికెళ్ళి దరబ తే. ఎక్కువే తే."

గ్రహణం రోజున ఆవకాయ జాడీ మీద, నీళ్ళ బిందె మీద, ఇంట్లో ఉంచుకోదలచిన దాని మీదల్లా దర్భ పోచ వేయడం అలవాటే. దర్భ ఉంటే పట్టదు. మా ఇంట్లో ఉన్నవి ఒక జాడీ, ఒక బిందె, ఒక తరవాణి కుండ.

"మూడు పోసలు సాలవా?" అన్నాను.

"తెమ్మన్నాను గదా."

రామాలయం దగ్గర పంతులు గారు కాగితంలో చుట్టి పిడికెడు కట్ట ఇచ్చారు. అమ్మకిచ్చాను. తలగడ కింద పెట్టుకుంది.

సాయంత్రం వెలుతురు ఉండగానే అందరం తినేశాం. డ్యూటీకి వెళ్తే పోర్టు గేటు దగ్గర సన్యాసిరాజు కలిశాడు. నా బెల్టు మీదే పనిచేస్తాడు, మా పక్క ఊరివాడు. రాధ మొగుడి నోట ఈ వంట సంగతి వాడి చెవిన పడింది.

"ఏం బావా, మీ ఇంట్లో వారం కూడు ఒక్కపాలే వండీసేరట. రేపట్నుంచి అన్నానికి సుత్తి పట్టుకుని కూర్సుంతావా?"

"సుత్తి నీకాడ ఉంది గదా. పంపించు," అన్నాను.

"మీయమ్మ ఊరుకుందేటి?"

హెల్మెట్ పెట్టుకుని లోపలికి నడిచాం. ఆ రాత్రి ఆకాశమంతా మబ్బు. చంద్రుణ్ణి పట్టిందో విడిచిందో ఎవరికీ కనిపించలేదు. అయినా బెల్టు దగ్గర ఎవరూ టిఫిన్ డబ్బా మూత తీయలేదు.

పొద్దున్న ఇంటికి వచ్చేసరికి వీధి తలుపు తెరిచే ఉంది. వంటింట్లో నేల తడిగా ఉంది. హిమబిందు ఆకుపచ్చ చుడీదార్ వేసుకుని, మెడలో కంపెనీ కార్డు వేసుకుని, ఫ్రిజ్ ముందు నిలబడి ఉంది. చేతిలో పచ్చ మూత డబ్బా. బొటనవేలితో డబ్బా పక్కన నొక్కింది. లోపలికి దిగింది. గట్టిగా ఉండాల్సినది మెత్తగా ఉంది.

"సూడండి," అంది.

"కరెంటు పోయిందా?"

"కరెంటు పోలేదు. తలుపు వారగా ఉంది. ఏలు పట్టినంత సందు. నాను నొక్కింది మీరూ సూసేరు, రాత్రి మళ్ళీ నొక్కే పడుకున్నాను."

ఫ్రిజ్ వెనక మోటారు ఆగకుండా మోగుతోంది. రాత్రంతా అలాగే మోగి ఉంటుంది. పైఅర అంచు నుంచి నీటి బొట్లు ఒకదాని వెనక ఒకటి పడుతున్నాయి.

అమ్మ ముందుగదిలో మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్ళో కీర్తన నిద్రపోతోంది. అమ్మ ముఖం మా వైపు లేదు.

హిమబిందు ఎవరి వైపూ చూడకుండా అంది. "ఇష్టం నేకపోతే నేదని సెప్పొచ్చు. ఇలగ సెయ్యక్కర్నేదు."

"ఎవలితో అంతన్నావు పిల్లా?" అంది అమ్మ.

"రాత్రి తలుపెవలు తీసేరు?"

"నానే తీసేను. నానే ఏసేను."

"ఏటికి తీసేవత్తా? మంచినీళ్ళు కింద తలుపులో ఉంతాయి గదా."

అమ్మ కీర్తన జుట్టులో వేళ్ళు పెట్టి చిక్కు తీస్తూ కూర్చుంది. అక్కడ చిక్కేమీ లేదు.

హిమబిందు మెడలోంచి కార్డు తీసి ఫ్రిజ్ మీద పెట్టి, ఫోన్ చేతిలోకి తీసుకుంది. "సారుకి రానని సెప్పీత్తాను. గుంటలకి పెట్టడానికి ఏటీ నేదు ఇంట్లో." మొదటి రోజు వెళ్ళకపోతే రెండో రోజు ఉండదని ఆమెకి తెలుసు. నాకు తెలుసు. అమ్మకి కూడా తెలుసు.

నేను ఫ్రిజ్ ఖాళీ చేయడం మొదలుపెట్టాను. నీళ్ళు కారుతున్నాయి, ఎవరో ఒకరు చేయాలి. ముందు వరసలో పచ్చ మూత డబ్బా తీశాను. మూత మీద తడిసిన గడ్డిపోచ ఒకటి అంటుకుని ఉంది. దులిపేయబోయి ఆగాను. ఎర్ర మూత తీశాను. దాని మీదా ఒకటి. నీలం మూత మీద ఒకటి. వెనక వరసలో డబ్బాలు ఇంకా రాయిలాగే ఉన్నాయి, పోచలు మూతలకి గడ్డకట్టి అతుక్కుపోయి ఉన్నాయి. ఐసు ట్రే తీస్తే, ప్రతి గడిలో పప్పు గడ్డ మీద గోరంత దర్భ ముక్క. కీర్తన తినే ఒక్కో గడ్డకి ఒక్కో ముక్క తుంచి పెట్టింది అమ్మ.

మిగిలిన కట్ట తలుపు అంచున ఉంది. పోచలు బయటికి వంగి, రబ్బరుకి అడ్డంపడి నలిగి ఉన్నాయి. రబ్బరు మీద వాటి గీతలు కనిపిస్తున్నాయి.

డబ్బాలన్నీ గట్టు మీద వరసగా పెట్టాను. దేని మీద పోచ దాని మీదే ఉంచాను. హిమబిందు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, అవతల రింగు అవుతుండగా ఇటు తిరిగింది. చూసింది. ఫోన్ కట్ చేసింది. ట్రే దగ్గరికి వచ్చి ఒక గోరంత ముక్కని వేలితో కదిపింది. అది కదల్లేదు.

నడుచుకుంటూ వెళ్ళి అమ్మ ముందు నేల మీద కూర్చుంది.

"కూడు కాదన్నావు గదా అత్తా?"

"గుంటలు తింతారు గదా," అంది అమ్మ.

"నాకు సెప్పొచ్చు గదా మరి."

"ఎలగ సెప్పీది? పగలంతా నోటికొచ్చినట్టు ఐసని అన్నాను. రాత్రయ్యీసరికి దరబ ఎట్టుకోమని నీకెలగ సెప్పీది?" అద్దాలు సర్దుకుంది. "గ్రాణం ఇడిసేక తీసీదామనుకున్నాను, నువ్వు లేవకుండా. కునుకు పట్టీసింది."

"ఆ మిగిలిన కట్ట తలుపులో ఇరుక్కుపోయింది."

"అగుపడలేదమ్మా. చీకట్లో, ఈ నల్లద్దాలతోటి ఏటగుపడతాది? తియ్యొద్దన్నాడు గదా ఆ డాక్టరు."

"ఆ కంటితో రాత్రేళ లేసి తిరిగితే డాక్టరేటంతాడో తెలుసా?"

"ఆయనకేటి, ఈ గుంటలకి కూడెట్టాలా ఏటి?"

హిమబిందు నవ్వు బయటికి రాకుండా నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. మణికంఠ కళ్ళు నులుముకుంటూ లేచి వచ్చి, గట్టు మీద గడ్డి పెట్టిన డబ్బాలు చూసి, "ఆవుకా నాన్నా?" అన్నాడు.

"నీకే," అన్నాను.

హిమబిందు లేచి డబ్బాల దగ్గరికి వెళ్ళింది. ఇప్పుడు ఆమె చేతులు వేరేగా కదిలాయి. ఒక్కో డబ్బా పట్టుకుని, మూత తీసి, వాసన చూసి, పక్కన పెట్టింది. నీలం మూతలు రెండూ ఒకవైపు తోసేసింది. "ఈ కోడిమాంసం ఉంచకూడదు. పారెయ్యాలి."

"అన్నీ పారెయ్యక్కర్నేదు గదా?" అంది అమ్మ, ముందుగదిలోంచే.

"నేదు. ఎనకున్నయి గట్టిగానే ఉన్నాయి, మళ్ళీ పెట్టీయొచ్చు. ముందున్నయి మెత్తబడ్డాయి గాని ఇంకా సల్లగానే ఉన్నాయి. బాగా మరగబెట్టి ఈ రోజే పెట్టీయాలి. తిరిగి గడ్డకట్టించకూడదు. ఓవెన్ సాలదు, పొయ్యి మీదే మరగాలి."

"అయితే బేగెల్లు. బస్సెల్లిపోతాది."

"పొయ్యి మీదెవలు మరగబెడతారు? నువ్వు ఎల్లకూడదు."

అమ్మ గడ్డంతో నన్ను చూపించింది. "ఈడు నేడా?"

"రాత్రంతా డ్యూటీ సేసొచ్చేరత్తా ఆయన."

"పడుకుంతాడులే. పొయ్యెలిగించిన తరవాత."

నేను స్టవ్ ముట్టించాను. అది చూశాక హిమబిందు ఫ్రిజ్ మీద కార్డు తీసి మెడలో వేసుకుంది. గుమ్మం దాటి, మళ్ళీ వెనక్కి వచ్చి, వెనక వరస డబ్బాలు, ట్రే గబగబా లోపల పెట్టి, నలిగిన దర్భ కట్ట పక్కకి తీసి, మోచేత్తో తలుపు నొక్కింది. వీధి చివర కంపెనీ బస్సు హారన్ వినిపించింది. చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తింది.

అమ్మ గుమ్మంలో తన చోట కూర్చుంది. పొయ్యికి ఎంత దూరంలో ఉండాలో అంత దూరంలోనే కూర్చుంది గాని, ఆమె గొంతు మాత్రం పొయ్యి పక్కనే ఉంది.

"కలుపు. అడుగంటుతాది. నీళ్ళు కొంచెం పొయ్యి. అంత కాదురా, గుంటలకి జావ కాసేవేటి? బుడగలొచ్చేయా? ఇంకా మరగనీ. నీ సేతిమీద మసేటి, కడుక్కున్నావా?"

కడుక్కున్నాను. బొగ్గు మసి గోళ్ళ సందుల్లోంచి ఒక్క కడుగుడుకి పోదు. మళ్ళీ కడుక్కున్నాను.

అమ్మ మణికంఠకి కిచిడి పెట్టింది. వాడు ఒక ముద్ద తిని, "ఐసేదీ?" అన్నాడు. ఐసు కూడు అంటే ఐసు ఉంటుందనుకున్నాడు. లేదని తెలిసి కాసేపు అలిగి, ఆకలికి తట్టుకోలేక గిన్నె ఖాళీ చేశాడు. కీర్తన మొదటి ముద్ద ఉమ్మేసింది. రెండోది కూడా. అమ్మ నన్ను నెయ్యి తెమ్మని, వేలి చివర అంటించి ముద్దకి రాసింది. కీర్తన నోరు తెరవకుండా చాలాసేపు అమ్మ నల్లద్దాల్లో తన ముఖం చూసుకుంది. ఆ చూపులో ఉండగా ముద్ద లోపలికి వెళ్ళిపోయింది. తర్వాతి ముద్దలకి గొడవ లేదు.

పిల్లలు తిన్నాక గిన్నె అడుగున మిగిలింది అమ్మ వేలితో తుడిచి నోట్లో పెట్టుకుంది. చప్పరించింది. నేను వెళ్ళి పడుకున్నాను.

సాయంత్రం హిమబిందు వచ్చింది. చెప్పులు విడవగానే వెళ్ళి ఫ్రిజ్ పైతలుపు తెరిచి, ఒక డబ్బాని గోటితో తట్టి చూసి, మూసింది. తర్వాత పిల్లల్ని ఎత్తుకుంది.

"తిన్నారా అత్తా?"

"నీ కొడుకు గిన్నె నాకీసేడు. గుంటది ముందు ఉమ్మీసింది."

హిమబిందు ముఖం మారింది. "తరవాత?"

"నెయ్యి రాసేను. తినీసింది. మజ్జాన్నం రాయకుండానే తినీసింది. ఇంకా వారవంతా ఉంది. సూద్దాం."

"డ్యూటీ ఎలగుంది?" అన్నాను నేను.

"పాత సీటే ఇచ్చేరు," అంది హిమబిందు. కార్డు తీసి మేకుకి తగిలించింది.

కోడి ఉండలు పోయాయి కాబట్టి వాటి బదులు పెసరపప్పు నానబోసింది. రాత్రి వంట పెట్టుకుంటుంటే అమ్మ గుమ్మంలోంచి అంది.

"పిల్లా, ఆ కిచిడీలో ఉప్పు సాల్లేదు."

"గుంటలకి తక్కువే ఎయ్యాలత్తా."

"గుంటలకి సరే. మరి నాకో?"

హిమబిందు గరిటె ఆపి చూసింది. "నువ్వు తింతావేటి?"

"మజ్జాన్నం ఈళ్ళకి పెట్టీసరికి నాకు ఓపిక ఉంతాదేటి? పెరుగన్నం కలుపుకుని ఎన్నాళ్ళు తింతాను?"

హిమబిందు గిన్నెల అరలో వెతికింది. ఎర్రవి, పచ్చవి, తెల్లవి, నీలంవి పిల్లలకే. అడుగున ఒక పసుపు మూత డబ్బా దొరికింది. కడిగి గట్టు మీద పెట్టింది.

"పసుపు మూత నీది. గురుతుంచుకో."

"దాన్లో పచ్చిమెరపకాయ కూడా ఎయ్యి," అంది అమ్మ. "గుంటలు మాత్రం దాన్ని ముట్టకుండా పైనెట్టు."

కొత్తగా వండిన కిచిడి ఆరాక డబ్బాలు లోపల సర్దింది నేను. తలుపు నొక్కి వచ్చి డ్యూటీకి బట్టలు మార్చుకుంటున్నాను. అమ్మ లేచి, ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి, తలుపు అంచు వెంబడి పై నుంచి కింద దాకా అరచేయి పెట్టి తడుముతూ వచ్చింది. ఒకచోట ఆగి, మళ్ళీ నొక్కింది.